దవాఖానా ఎంత దూరము?

మా వీధిలో నాలుగిండ్లలో అంట్లు తోమి, ఇల్లూడ్చి, బట్టలుతికి బ్రతుకు వెళ్ళదీయుచున్న ఒక యిల్లాలు కలదు. ఆమె కాపురముండు బస్తీ హైదరాబాదు నగరమున మా మేడల వెనుక పారు నాలాకు ఆవలి గట్టున నున్నది. ఆ గట్టునుండి నగరములోని పెద్ద ప్రభుత్వ వైద్యశాలలలో నొకదానికి కాలినడకన పోయినను ముప్పావు గంటకు మించి పట్టదు. అయినను, కుడికాలి బొటనవ్రేలికి తగిలిన చిన్న దెబ్బ మానక, చీము పట్టి, నల్లబడి, అడుగు తీసి అడుగు వేయుటయే దుర్భరమైన దశ వచ్చువరకును, అనగా సుమారు మూడు మాసముల కాలము, ఆమె ఆ వైద్యశాల గడప త్రొక్కలేదు. తుదకు త్రొక్కిననాడు వైద్యులు పరీక్షించి, మధుమేహము ముదిరియున్నదని చెప్పి, ప్రాణము దక్కించుటకై ఆ వ్రేలిని తొలగించిరి. తనకు మధుమేహమున్న సంగతి ఆమెకు తెలిసినది ఆనాడే. అది ఎన్నేండ్లనుండి ఒంటిలో దాగియున్నదో చెప్పగలవారెవ్వరును లేరు.

ఆమె కోలుకొని తిరిగి పనిలోనికి వచ్చిన తరువాత, "అంత దగ్గర దవాఖానా పెట్టుకొని ఇన్నాళ్ళు ఎందుకు పోలేదమ్మా?" అని అడిగితిని.

"దగ్గరెక్కడిది సారూ? పొద్దుగాల ఏడింటికి పోయి లైన్ల నిలబడితె చీటీ చేతికొచ్చేసరికి పది గొడతది. డాక్టరు జూసేసరికి పన్నెండు. రక్తపరీక్షకు రేపు రా అంటరు. నాలుగిండ్లల్ల పని బందైతది. రెండు రోజులు రాకుంటె మూడోనాడు ఇంకో మనిషిని పెట్టుకుంటరు."

ఆమె మాటలో నిష్ఠురము లేదు. ఉన్న సంగతి ఉన్నట్లు చెప్పినది. ఆ నాలుగిండ్లలో మా ఇల్లును ఒకటి. ఆమె కుంటుచు వచ్చిన ఆ మూడు మాసములును మేము కన్నులారా చూచుచునే యుంటిమి. ఏదైన మందు వేసికొమ్మని ఒక మాట చెప్పి, మా పనులలో మేము మునిగియుంటిమి. ఆ సంగతి తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు నన్నే నిలువదీయుచుండును.

దూరమనగా మైళ్ళతో కొలువబడునదని నేను అంతవరకు తలచియుంటిని. నగర పటమును ముందిడుకొని, ఎచ్చట ఎన్ని పడకల ఆసుపత్రి యున్నదో, ఏ కాలనీకి అది ఎంత సమీపమో చుక్కలు పెట్టి లెక్కించు అధికారులును అట్లే తలచుదురు. కాని ఒక పూట పోయిన ఆ పూట కూలి పోవుననియు, రెండు పూటలు పోయిన ఇల్లే చేజారుననియు, తోడు వచ్చు కొడుకు తన పని కూడ మానుకొని రావలసియుండుననియు, అంత పెద్ద భవనమున ఏ గది ఎచ్చట నున్నదో అడుగుటకే ధైర్యము చాలదనియు, ఇన్ని చిక్కులు దాటి పోయినను చెప్పుకొన్న బాధ పూర్తిగా వినువారుందురో లేదో యనియు, ఇన్ని విధములుగా లెక్క వేసికొను నిరుపేదకు ఆ ముప్పావు గంట నడక మూడు మాసముల ప్రయాణమైనది. నగరములలోని పేదల ఆరోగ్యమును గూర్చి ఆలోచింపబూనువారు మొట్టమొదట ఈ కొలమానమును చేతబట్టవలెనని నా నిశ్చితాభిప్రాయము.

హైదరాబాదు ఆసుపత్రులకు పేదయైన పట్టణము కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి వేలకొలది ప్రాణములను హరించిన పిమ్మట, ఈ నగరమును మరల తీర్చిదిద్దు మహాప్రయత్నమొకటి సాగినది. 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడి, గాలి వెలుతురు చొరని ఇరుకు పేటలను తొలగించి, క్రొత్త యిండ్లను కట్టించినది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, ఏ నది యంత విధ్వంసము గావించెనో ఆ నది యొడ్డుననే అఫ్జల్‌గంజ్‌లో విన్సెంట్ ఎష్ అను శిల్పి రచించిన నమూనా ననుసరించి ఉస్మానియా వైద్యశాల మహాసౌధము వెలసినది. ఆ ఆవరణములోని చింతచెట్టు కొమ్మల నెక్కి నూటయేబది మంది ఆ వరదనుండి ప్రాణములు దక్కించుకొనిరని నేటికిని జనులు చెప్పుకొందురు. నల్లకుంటలో అంటురోగులకు ప్రత్యేకముగా వైద్యశాల యొకటి వెలసినది. రోగులను ఊరికి దూరముగ నుంచు క్వారంటైన్ అను మాట మన ప్రజల నోట నలిగి, దానికి కోరంటి దవాఖానా యను పేరు స్థిరపడిపోయినది. ఆ వైద్యశాలకు రొనాల్డ్ రాస్ పేరు పెట్టుట సముచితము. 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన కనుగొన్నది ఈ జంటనగరములలోని బేగంపేటలోనే. 1851లో పుట్టిన గాంధీ ఆసుపత్రి, పసిబిడ్డలకై 1953లో వెలసిన నీలోఫర్, క్షయరోగులకు ఎర్రగడ్డ, ఇన్ని కలవు.

వీని గొప్పతనమును తక్కువ చేసి చెప్పుట నా యుద్దేశము కాదు. ప్రాణాంతకమైన స్థితిలో తెలంగాణ పల్లెల నలుమూలలనుండి ఇచ్చటికి చేరి బ్రతికి బయటపడినవారు లక్షలకొలది. అయినను, పెద్ద వైద్యశాల తన చుట్టునున్న బస్తీకి తనంతట తాను ఆరోగ్యమును ప్రసాదింపజాలదు. ఆదిలాబాదు నుండి మూత్రపిండముల వ్యాధితో వచ్చినవాడును, ప్రక్క వీధి నుండి రెండు రోజుల జ్వరముతో వచ్చినవాడును ఒకే వరుసలో ఒకే చీటీకై నిలువబడిన చోట, మొదటివానికి అందవలసిన శ్రద్ధ తగ్గును; రెండవవాడు విసిగి మధ్యలోనే ఇంటిదారి పట్టును.

ఇందుకు భోలక్‌పూరు దుర్ఘటన కన్న వేరు నిదర్శనమక్కరలేదు. ముషీరాబాదు ప్రాంతమున తోలు వ్యాపారమును, పాత సామానుల గోదాములును, ఒకదానినొకటి ఒరసికొని నిలిచిన చిన్న యిండ్లును గల ఆ పేటలో, 2009 మే మాసమున త్రాగునీటిలో మురుగు కలసి, వాంతులు విరేచనములతో వందలమంది మంచము పట్టిరి, పలువురు మరణించిరి. 2003లో తన క్రొత్త భవనములకు తరలివచ్చిన గాంధీ ఆసుపత్రి అచ్చటికి ఎంతో దూరము లేదు. రోగులు పుట్టిన తరువాత వారిని చేర్చుకొనుటకు పెద్ద ఆసుపత్రి సమర్థమే. కాని ఒకే సందునుండి ఒకే రోజున ఐదుగురు బిడ్డలు విరేచనములతో వచ్చిరని గుర్తించి, మరునాటికి ఏబది మంది కాకముందే నీటి శాఖవారి తలుపు తట్టుట, ఆ సందు తెలిసిన చిన్న దవాఖానాకు మాత్రమే సాధ్యమగు పని.

మరి అట్టి చిన్న దవాఖానాలు నగరములలో ఇంతకాలము ఎందుకు లేకపోయినవి? దీనికొక చరిత్ర కలదు. స్వాతంత్ర్యమునకు ముందే భోర్ అధ్యక్షతన నియమింపబడిన సంఘము 1946లో తన నివేదికను సమర్పించి, వైద్యము ప్రజల ముంగిటికి పోవలెననియు, అందుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పునాది కావలెననియు సూచించినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమైనప్పుడు గ్రామసీమలలో ఆ కేంద్రములు మొలకెత్తినవి. కాలక్రమమున, మైదాన ప్రాంతములలో ముప్పది వేలమందికొక ప్రాథమిక కేంద్రము, ఐదు వేలమందికొక ఉపకేంద్రము అను లెక్క దేశమంతట స్థిరపడినది. ఆ లెక్క పలుచోట్ల కాగితముమీదనే మిగిలినదన్నది వేరు సంగతి. పల్లెకొక లెక్క యనునది యుండెను. నగరమునకు ఆ లెక్కయు లేదు. పట్టణములలో ఆసుపత్రులు కావలసినన్ని యున్నవి గదా యను తలంపు అంతగా వేళ్ళు పాతుకొనిపోయినది. పల్లెలో పంటపోయి, పొట్ట చేతబట్టుకొని మహబూబ్‌నగర్ నుండియో శ్రీకాకుళము నుండియో తరలివచ్చి, నాలా గట్టున గుడిసె వేసికొన్న కుటుంబము, తన ఊరి ఉపకేంద్రమును ఊరిలోనే విడిచివచ్చినది. ఇచ్చట దానికి బదులు మరియొకటి దొరకలేదు.

మధ్యలో ప్రయత్నములు జరుగకపోలేదు. 1990 దశకమున ప్రపంచ బ్యాంకు ఋణముతో కొన్ని మహానగరములందు మాతాశిశు సంరక్షణకై చేపట్టిన పథకములో హైదరాబాదునకును చోటు దొరికినది. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 74 పురపాలక పట్టణములందు 192 పట్టణ ఆరోగ్య కేంద్రములను నెలకొల్పి, వాని నిర్వహణమును స్వచ్ఛంద సంస్థల కప్పగించిరి. పథకమునకు ధనము సమకూరినంత కాలము అవి వెలిగినవి. ఆ మీదట పెక్కింట దీపము సన్నగిల్లినది. జాతీయ గ్రామీణ ఆరోగ్య యోజన 2005లో మొదలుకాగా, దాని పట్టణ శాఖ 2013లో గాని రూపుదాల్చలేదు. ఏబది వేలమంది పట్టణవాసులకొక ప్రాథమిక కేంద్రమను కొలత అప్పుడు గాని యేర్పడలేదు. 2011 జనాభా లెక్కలలో దేశ ప్రజలలో నూటికి ముప్పదియొక్కమంది పట్టణవాసులని తేలినది. అదే లెక్కలలో మహానగర పాలక సంస్థ పరిధిలోని హైదరాబాదు జనసంఖ్య 67 లక్షలు దాటినది. ఆ పరిధిలోని మురికివాడలు 1,476 అని అధికార గణనము. ఇంతమంది ప్రజకు పల్లెకున్నపాటి వైద్య వ్యవస్థ లేకుండుట అరువది యేండ్లపాటు ఎవరి నిద్రకును భంగము కలిగింపలేదన్నది బాధాకరమైన సత్యము.

ఆ ఖాళీ యెన్నడును ఖాళీగా నుండలేదు. దానిని ఆరెంపీ డాక్టరు పూరించినాడు. ఆ మూడక్షరములకు మొదట నమోదైన వైద్యుడని యర్థము. నేడు బస్తీలలో ఆ పేరుతో చలామణి యగువారిలో పెక్కుమందికి ఏ వైద్య పట్టమును లేదు. చదువుకొన్న వారము మనము వారిని నకిలీ వైద్యులని ఒక మాటతో త్రోసివేయుదుము. కాని సాయంకాలము దీపములు పెట్టు వేళకు దుకాణము తెరచి, రాత్రి పదింటివరకు కూర్చుండి, వచ్చినవారిని వరుస పెట్టి పిలిచి, చేతిలో డబ్బు లేకున్న "తర్వాత ఇద్దువులే అక్కా" యని అరువు పెట్టువానికడకు జనులు పోవుటలో ఆశ్చర్యమేమున్నది? వైద్యమునకు ఉండవలసిన గుణములలో విద్య యొక్కటి తప్ప తక్కినవన్నియు అతనియందున్నవి. అయితే ఆ లేని యొక్కటియే ప్రాణములమీదికి తెచ్చుచున్నది. రెండు రోజులలో తనంతట తగ్గిపోవు జలుబు జ్వరమునకు యాంటీబయాటిక్ గోలీలను సగము మోతాదు ఇచ్చి, ఆ మందులు రేపు నిజముగా అవసరమైన వేళకు పనిచేయకుండ చేయుట, నీరసమన్న ప్రతివానికిని గ్లూకోజు సీసా ఎక్కించుట, ఒంటినొప్పులకు తక్షణోపశమనమిచ్చు స్టెరాయిడు సూదిమందు వేయుట నిత్యకృత్యములైనవి. స్టెరాయిడు మందు రక్తములోని చక్కెరను పెంచునని వైద్యవిద్యార్థి మొదటి పాఠములలోనే నేర్చుకొనును. మా యింటికి వచ్చు ఆ యిల్లాలును ఆ మూడు మాసములు అట్టి దుకాణమునకే పోయినది. పోయినప్పుడెల్ల గాయమునకు కట్టు, చేతికి ఒక సూది, మూడు రోజులకు గోలీలు దొరకినవి. ఒక్కసారి చక్కెర పరీక్ష చేయింపవలెనని అతనికి తోచలేదు.

ఆమె వ్రేలు పోయిన కొలది కాలమునకు ఆ బస్తీలోని కమ్యూనిటీ హాలులో బస్తీ దవాఖానా తెరచిరి. ఢిల్లీలో 2015లో ఆరంభమైన మొహల్లా క్లినిక్కుల పద్ధతిని చూచి, హైదరాబాదులో 2018 ఏప్రిల్‌లో తొలి బస్తీ దవాఖానాలను నెలకొల్పిరి. ఐదు వేలనుండి పదివేలమంది జనమునకొక దవాఖానా. అందులో ఒక వైద్యుడో వైద్యురాలో, ఒక నర్సు, ఒక సహాయకుడు. వైద్యము, మందులు, పరీక్షలు అన్నియు ఉచితము. అప్పటి నూటయేబది వార్డులలో వార్డుకు రెండేసి యుండవలెనని సంకల్పము. కరోనా మహమ్మారి తలుపు తట్టిన 2020 మే మాసమున ఒక్క రోజుననే 45 తెరచిరి. ఆ వెనుక అవి మూడు వందలు దాటినవి.

ఒకనాటి ఉదయమున నేను ఆమె వెంట అచ్చటికి పోతిని. పెండ్లిండ్లకును సమావేశములకును వాడిన హాలులో ఒక మూల బల్ల, మరియొక మూల మందుల బీరువా, గోడవెంట ప్లాస్టిక్ కుర్చీలు. ముప్పది మందికి మించి జనము లేరు. ఉన్నవారందరు ఒకరినొకరు ఎరిగినవారే. నర్సు ఒక్కొక్కరిని తూకమునెక్కించి, బీపీ పట్టీ చుట్టి, అంకెలు చీటీపై వ్రాసి లోనికి పంపుచున్నది. మా వంతు వచ్చినప్పుడు లోపలనున్న యువ వైద్యురాలు చీటీ చూడకముందే ఆమె కాళ్ళవైపు చూచినది.

"ఏమ్మా, కాలు చూపించు. చెప్పులు లేకుండ నడవద్దన్న గద?"

"ఇంట్ల గూడ ఏసుకుంటున్న డాక్టరమ్మా. రోజు రాత్రి అద్దం పెట్టి అరికాలు జూసుకుంటున్న, నువ్వు జెప్పినట్టె."

వైద్యురాలు వంగి, తొడుగు వేసికొన్న చేతితో ఆ పాదమును పట్టి, వ్రేళ్ళ సందులు పరిశీలించి, మడమను నొక్కి చూచి, నెలకు సరిపడు మందులు వ్రాసినది. ఇదంతయు పది నిమిషముల పని. మధుమేహము గలవారికి పాదములలో స్పర్శ మందగించుననియు, ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదనియు, అందుచేత ఉత్త కాళ్ళతో నడువరాదనియు, అరికాలిని నిత్యము చూచుకొనవలెననియు తెలిసినయెడల ఎన్నో వ్రేళ్ళు, ఎన్నో కాళ్ళు నిలుచును. ఈ తెలివిడికి పెద్ద యంత్రములు అక్కరలేదు. కిందటి నెలలో చెప్పిన మాటను ఈ నెలలో జ్ఞాపకముంచుకొని అడుగు మనిషి కావలెను. పెద్ద ఆసుపత్రిలో ఎంత గొప్ప వైద్యుడున్నను, పోయినప్పుడెల్ల క్రొత్త ముఖమే ఎదురగుచుండగా ఆ జ్ఞాపకము కుదురదు.

ఆ తరువాత నర్సు ఆమె చేతినుండి రక్తము తీసి, చిన్న గాజుగొట్టములో నింపి, సంఖ్య అంటించి, చల్లని పెట్టెలో భద్రపరచినది. ఆ పెట్టెలు బస్తీలనుండి బండిలో నారాయణగూడలోని కేంద్ర పరీక్షాశాలకు చేరును. 2018లో నెలకొల్పిన ఆ పరీక్షాశాలలో మొదట 57 రకముల పరీక్షలు చేసెడివారు. తరువాత ఆ సంఖ్య 134కు పెరిగినది. ఫలితము రోగి ఫోనునకును దవాఖానాకును చేరును. బస్తీ వైద్యమున అతిముఖ్యమైన మార్పు ఏదని నన్నడిగినచో, భవనములను కాక ఈ బండిని చూపుదును. వైద్యుని వెల లేకుండ చూపించుకొన్నను, బయట పరీక్షలకు వ్రాసిన చీటీని మడిచి కొంగున ముడివేసికొని, డబ్బు సమకూరినప్పుడు చూతములే యనుకొను కుటుంబములు ఎన్నియో. రోగికి బదులుగా రక్తము ప్రయాణము చేయుట వలన ఆ ముడి విప్పినట్లైనది.

ఇచ్చట ఆరోగ్యశ్రీని ప్రస్తావింపక తప్పదు. 2007లో ప్రారంభమైన ఆ పథకము, గుండె శస్త్రచికిత్సలు, క్యాన్సరు చికిత్సలు కూడ పేదవానికి అందుబాటులోనికి తెచ్చినది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచిరి. నేను దానిని మనసార మెచ్చుకొందును. కాని ఆరోగ్యశ్రీ మనిషి పడకనెక్కిన తరువాత చేయిపట్టుకొను పథకము. దేశమున పది కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని, పెద్దలలో నూటికి 11.4 మంది దాని బారిన పడిరని, పట్టణములలో ఆ లెక్క 16.4 అని భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో ప్రకటించినది. వీరికి ప్రతి నెల కావలసినది పడక కాదు, గుప్పెడు గోలీలు, ఒక పరీక్ష, ఒక హెచ్చరిక. అవి అందనినాడు అదే మనిషి పదేండ్లకు డయాలసిస్ పడకమీదనో, తెగిన కాలితోనో ఆరోగ్యశ్రీ గడపకు చేరును. వైద్యమునకై జాతి వ్యయము చేయు ప్రతి నూరు రూపాయలలో రోగులు తమ చేతినుండి పెట్టుకొన్నది 2013-14లో 64 రూపాయలు, 2021-22 నాటికి 39 రూపాయలు అని జాతీయ ఆరోగ్య ఖాతాలు చూపుచున్నవి. తగ్గుట సంతోషమే. అయినను, ఆ 39 రూపాయలలో నెలనెల మందుల దుకాణమున చెల్లించు చిల్లర ఎంతయున్నదో బస్తీలో ఏ ముసలిదానినడిగినను చెప్పును.

దవాఖానా గోడలకు లోపల జరుగు వైద్యము సగము మాత్రమే. తక్కిన సగము వీధులవెంట తిరుగు ఆశా కార్యకర్తల కాళ్ళమీద నడచుచున్నది. రెండు వందలనుండి ఐదు వందల యిండ్ల మంచి చెడ్డలు ఒక్క ఆశా చూడవలెను; ఏ యింట గర్భిణి యున్నది, ఏ బిడ్డకు టీకా తప్పినది, ఎవరు నెల రోజులుగా దగ్గుచున్నారు, ఇవన్నియు ఆమె నోటిలెక్క. క్షయరోగికి ఆరు మాసములు ఒక్క పూట తప్పక మందు మ్రింగించుట ఎంత కష్టమో చేసినవారికే తెలియును. రెండు నెలలకే దగ్గు తగ్గి, బరువు పెరిగి, రోగము పోయినదనుకొని కూలికి పోవు యువకుని వెంటబడి, బుజ్జగించి, అతని తల్లిచేత చెప్పించి, మిగిలిన నాలుగు నెలలు పూర్తి చేయించునది ఆమెయే. ఏబది నుండి నూరు కుటుంబములకొకటిగా మహిళా ఆరోగ్య సమితులను ఏర్పరచి, వానికి ఏటా ఐదు వేల రూపాయలు విడిగా ఇచ్చు నిబంధన కూడ పట్టణ ఆరోగ్య యోజనలో నున్నది. అవి చురుకుగా నున్న బస్తీలో దవాఖానాలో మందు నిండుకొన్న సంగతి అధికారి చెవికి త్వరగా చేరును.

మందు నిండుకొనుట, వైద్యులు కుదురుగా నిలువకుండుట, ఇవి యున్నమాట వాస్తవము. ఒప్పందముపై వచ్చిన యువ వైద్యులు పై చదువునకు సీటు రాగానే వెళ్ళిపోవుదురు. అది వారి తప్పు కాదు, వారి స్థానమున వెంటనే మరియొకరిని కుదుర్చకుండుట తప్పు. ఒడిశానుండియు బీహారునుండియు వచ్చి కట్టడపు పనులలో నున్నవారు భాష రాక, తమది కాని చోటని జంకి, ఈ దవాఖానాల వాకిట కూడ అరుదుగా కనబడుదురు. ఇవన్నియు దిద్దవలసినవే.

కాని నన్ను అన్నిటికన్న కలచివేయునది వేళల సంగతి. బస్తీ దవాఖానా ఉదయము తొమ్మిదింటికి తెరచి సాయంకాలము నాలుగింటికి మూయుదురు. ఆ వేళలో బస్తీలో ఉండువారెవరు? వృద్ధులు, పసిపిల్లల తల్లులు. ఇండ్లలో పనిచేయు ఆడవారు, అడ్డామీది కూలీలు, ఆటో నడుపువారు, దుకాణములలో గుమాస్తాలు అందరును అప్పుడు పనిమీద నుందురు. ఈ కష్టమును గుర్తించియే కాబోలు, కొంతకాలమునకు ఆదివారమున తెరచి శనివారము సెలవిచ్చు ఏర్పాటు చేసిరి. అది మంచి పని. అయినను ఆరు దినములు ఇంకను మిగిలియున్నవి. జాతీయ పట్టణ ఆరోగ్య యోజన రూపొందించినవారు, పట్టణ ప్రాథమిక కేంద్రమున రోగులను చూచు వేళ మధ్యాహ్నము పన్నెండు గంటలు మొదలు రాత్రి ఎనిమిది గంటల వరకు ఉండదగునని తమ ప్రణాళికలోనే సూచించిరి. కూలివాని దినచర్య ఎరిగినవారెవరో ఆ వాక్యమును వ్రాసియుందురు. ఆ వాక్యమును ఆచరణలో పెట్టుటకు క్రొత్త చట్టము అక్కరలేదు, క్రొత్త భవనము అక్కరలేదు. సాయంకాలమున పనిచేయు వైద్యురాలికిని నర్సుకును తగిన భద్రత, కొంత అదనపు వేతనము, వీధిదీపము, ఇంటికి చేర్చు బండి సమకూర్చిన చాలును. వైద్యము వెల లేనిదైనంత మాత్రమున ఉచితము కాదు. దానికై ఒక పూట కూలి పోగొట్టుకొన్నవాడు దాని వెల చెల్లించియే యున్నాడు.

ఆ వేళలు మారువరకు, చదువరులారా, మీ చేతిలోనున్న పని యొకటి కలదు. మీ యింట పనిచేయు ఆమెకు ముప్పదియైదేండ్లు దాటినయెడల, ఆమెకు బీపీ, చక్కెర పరీక్షలు ఎన్నడైన జరిగినవా యని రేపు ఉదయమున అడుగుడు. జరుగలేదన్నచో, ఆమె బస్తీలోని దవాఖానా ఎచ్చటనున్నదో తెలిసికొని, ఒక పూట పని మాన్పించి పంపుడు. అటుపై నెలకొకసారి మందులకు పోవు ఆ పూటను ఆమె హక్కుగా నెంచుడు. ఆ పూట జీతము కోయకుడు. ఆమె స్థానమున మరియొకరిని వెదకకుడు.